పూండి జలాశయం: కరవుకూ వరదకూ ఒకే కట్ట

తిరువళ్ళూరు పట్టణానికి వాయవ్య దిశలో, కుశస్థలి నదికి అడ్డంగా నిర్మించిన జలాశయానికి ప్రభుత్వ రికార్డులలో సత్యమూర్తి సాగర్ అని పేరు. జనవ్యవహారంలో మాత్రం అది ఎప్పుడూ పూండి చెరువే. చెన్నై మహానగరానికి తాగునీరు అందించే జలాశయాలలో ఇది ఒకటి. కృష్ణా జలాలు తమిళనాడులో ప్రవేశించిన తరువాత చేరుకొనేదీ ఇక్కడికే. దీని నిల్వ సామర్థ్యం 3,231 మిలియన్ ఘనపుటడుగులు, అనగా మూడు టి.ఎం.సి.లకు కొంచెం ఎక్కువ. లీటర్లలో చెప్పవలెనంటే సుమారు 9,150 కోట్లు. ఎనిమిది దశాబ్దాల కాలంలో నగరం మారింది, నీరు వచ్చే దారి మారింది, రాష్ట్రాల సరిహద్దు మారింది. కట్ట మాత్రం ఉన్నచోటనే ఉన్నది. మారిన పరిస్థితులకు ఆ కట్ట, దాని తలుపులు, దానికి నీరు తెచ్చే కాలువ, దాని చుట్టూ బ్రతికే మనుషులు ఏ విధంగా సర్దుకొన్నారన్నది ఈ వ్యాస విషయం.

నది స్వభావం

కుశస్థలిని తమిళులు కొసస్థలైయారు అంటారు. పాత ఇంగ్లీషు రికార్డులలో కొర్తలయారు అన్న రూపం కనిపిస్తుంది. కావేరిపాక్కం చెరువు మిగులు నీటితో ఒక పాయ, చిత్తూరు జిల్లా కొండలలో పుట్టిన మరొక పాయ, నగరి ఏరు, ఇవన్నీ పూండికి ఎగువనే కలుస్తాయి. కేశవరం ఆనకట్ట వద్ద కొంత నీరు చీలి కూవం నదిగా చెన్నై నగరం మధ్యకు పోతుంది. మిగిలినది పూండి దాటి, తామరైపాక్కం, వల్లూరు ఆనకట్టల మీదుగా ఎన్నూరు కయ్యలో సముద్రాన్ని చేరుతుంది.

ఇది జీవనది కాదు. సంవత్సరంలో అధిక భాగం ఇసుక పాన్పు మాత్రమే. నైరుతి ఋతుపవనాలు దీనికి ఇచ్చేది స్వల్పం. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో బంగాళాఖాతపు వాయుగుండాలు తెచ్చే వానలే దీనికి ప్రాణం. ఆ వాన కూడా నెమ్మదిగా కురిసేది కాదు. నాలుగు రోజులలో ఏటికి సరిపడా నీరు వచ్చిపోయిన సందర్భాలు ఉన్నాయి. రెండు మూడేళ్ళు వరుసగా ముఖం చాటేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంకొక చిక్కు ఉన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత సాగిన సరిహద్దు వివాదం పటాస్కర్ సిఫారసులతో ఒక కొలిక్కి వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనూ, సత్యవేడు పరిసర గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ చేరాయి. ఆ గీత ఈ నదీ పరీవాహక ప్రాంతం మీదుగానే పోయింది. కార్వేటినగరం వైపు ఉన్న కృష్ణాపురం జలాశయం నిండి తలుపులెత్తితే ఆ నీరు పళ్ళిపట్టు మీదుగా పూండికే రావాలి. అక్కడ తలుపు ఎత్తేవారు ఒక ప్రభుత్వ ఉద్యోగులు, ఇక్కడ దించేవారు మరొక ప్రభుత్వ ఉద్యోగులు. ఏరు ఎవరి అనుమతీ అడగదు కనుక వార్త నీటికంటే ముందు చేరడం ఎంతైనా అవసరం.

కట్ట పుట్టుక

మద్రాసు నగరానికి రక్షిత నీరు 19వ శతాబ్దపు చివరి భాగంలో ఆరంభమైంది. తామరైపాక్కం వద్ద కుశస్థలికి ఆనకట్ట కట్టి, ఆ నీటిని చోళవరం, రెడ్‌హిల్స్ చెరువులకు మళ్ళించారు. ఆనకట్ట నీటిని మళ్ళిస్తుందే తప్ప దాచదు. చెరువులు నిండిన తరువాత వచ్చినదంతా సముద్రం పాలయ్యేది. 1941 జనగణన నాటికి మద్రాసు జనాభా సుమారు 7 లక్షల 80 వేలు. అప్పటికే వేసవిలో కటకట తప్పడం లేదు.

ప్రముఖ కాంగ్రెసు వక్త ఎస్. సత్యమూర్తి 1939లో మద్రాసు మేయరుగా ఎన్నికై, పూండి వద్ద జలాశయం కావాలని పట్టుబట్టారు. రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్నది. ఇనుము, సిమెంటు, డబ్బు మూడూ కరవు. అయినప్పటికీ 1940లో శంకుస్థాపన జరిగింది, 1944లో పని ముగిసింది. సత్యమూర్తి 1943లోనే కన్నుమూశారు. నిండిన చెరువును ఆయన చూడలేదు.

నీట మునిగిన వాటిలో ఒక పురాతన శివాలయం ఉన్నది. తిరువెణ్పాక్కం అని తేవార స్థలాలలో పేరుపొందిన ఆ గుడిలో, చూపు కోల్పోయిన సుందరమూర్తి నాయనారు వేడుకొనగా శివుడు ఊతకర్రను ఇచ్చాడని స్థలపురాణం. అందువల్లనే స్వామికి ఊన్ఱీశ్వరుడని పేరు. జలాశయం కోసం పాత ఆలయాన్ని విప్పి, పూండిలో ఒడ్డున మరల ప్రతిష్ఠించారు. పరిస్థితి మారినప్పుడు ఊరికంటే ముందు దేవుడే వేరొక చోటికి నడిచాడని భక్తులు చమత్కరించవచ్చు.

ఒక లెక్క

జలాశయం సంగతి అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. వెయ్యి క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 86.4 మిలియన్ ఘనపుటడుగులు. కాలువలో వెయ్యి క్యూసెక్కులు ఆగకుండా వస్తున్నాయనుకొందాం. పూర్తిగా ఎండిన పూండి నిండటానికి 37 రోజులు పైన పడుతుంది. అదే నదిలో 30,000 క్యూసెక్కుల వరద వస్తే? దాదాపు 30 గంటలు.

ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరమే పూండి ఇంజనీర్ల జీవితం. నెల రోజులు ఓపికగా పోగుచేసుకొన్న దానిని ఒక్క రాత్రిలో వదలవలసి రావచ్చు. వదలకుండా ఆగితే కట్టకు ముప్పు. ముందే వదిలిన తరువాత వాన ముఖం తిప్పుకొంటే నగరానికి దాహం. ఏది చేసినా మరుసటి వేసవిలోనో మరుసటి వారంలోనో ఎవరో ఒకరు తప్పు పట్టక మానరు.

ఖాళీ చేయడం కూడా చిటికెలో పని కాదు. నిండిన జలాశయంలో 500 మిలియన్ ఘనపుటడుగుల చోటు కల్పించాలంటే, లోనికి ఏమీ రాకపోయినా, 5,000 క్యూసెక్కుల చొప్పున 28 గంటలు వదలాలి. పైగా సగం ఎత్తిన తలుపు కింద నుంచి దూకే నీటి వేగం వెనుకనున్న లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది; లోతు నాలుగో వంతుకు తగ్గితే ప్రవాహం సగానికి పడిపోతుంది. అవసరమైనప్పుడు ఎత్తుదాంలే అని కూర్చొంటే కుదరదన్నమాట.

కృష్ణ రాకతో మారిన పంచాంగం

1944 నాటి పూండి ఒకే ఋతువుకు ఉద్దేశించినది. కార్తీకంలో నిండాలి, వైశాఖ జ్యేష్ఠాలలో వాడుకోవాలి, మరల వాన వచ్చేనాటికి అడుగు కనిపించాలి. ఖాళీగా ఉన్న చెరువు మొదటి వరదను తనలోనే ఇముడ్చుకొంటుంది. ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించకపోయినా వరద నివారణ దానంతట అదే జరిగేది.

మహానగరం పెరిగే కొద్దీ ఆ పద్ధతి చాలలేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ కృష్ణా వాటాల నుంచి తలా 5 టి.ఎం.సి. చెన్నైకి ఇవ్వడానికి అంగీకరించాయి. దారిలో పోయే నష్టాన్ని మినహాయించి సరిహద్దు వద్ద 12 టి.ఎం.సి. అప్పగించాలని 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం చేసుకొన్నాయి. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్న ఆ కాలంలోనే తెలుగుగంగకు అంకురార్పణ జరిగింది. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు. అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువ ఊత్తుకోట దగ్గరి జీరో పాయింటు వరకు. ఆపైన పూండికి మరొక 25 కిలోమీటర్లు. 1996లో కృష్ణమ్మ తొలిసారి పూండిలో అడుగు పెట్టింది.

ఒప్పందంలో నీటి పరిమాణం గురించి అందరూ మాట్లాడుతారు. తేదీల గురించి మాట్లాడేవారు తక్కువ. 12 టి.ఎం.సి.లలో 8 జూలై, అక్టోబరు నెలల మధ్యను, 4 జనవరి, ఏప్రిల్ నెలల మధ్యను ఇవ్వాలని నిర్ణయం. కృష్ణకు వరద వచ్చేది నైరుతి ఋతుపవనాలతో కనుక జూలై నుంచి ఇవ్వడమే ఇచ్చేవారికి సులభం. పుచ్చుకొనేవారికి మాత్రం ఆ గడువు ముగిసే అక్టోబరు నాటికే ఈశాన్య ఋతుపవనాలు గడప దగ్గర నిలిచి ఉంటాయి. అంటే ఒకప్పుడు వానకు ముందు ఎండి సిద్ధంగా ఉండే చెరువు, కృష్ణా జలాలు సక్రమంగా వచ్చిన ఏడు సరిగ్గా వానకు ముందే నిండి ఉంటుంది. నీరు పుష్కలంగా ఉండటమే ఇక్కడ అపాయానికి మొదటి మెట్టు. ఈ సంగతి పాఠ్యపుస్తకాలలో దొరకదు. కాలెండరు ముందు పెట్టుకొని చూస్తే తెలుస్తుంది.

అయితే 12 టి.ఎం.సి. పూర్తిగా రాని సంవత్సరాలే ఎక్కువ. శ్రీశైలంలో నీరు లేని ఏడు కండలేరులోనూ ఉండదు. దాహం మిక్కిలి ఉన్న ఏడే పైనుంచి వచ్చేది తక్కువ కావడం కద్దు, ఎందుకంటే కరవు తరచుగా రెండు రాష్ట్రాలనూ ఒకేసారి పలుకరిస్తుంది.

మట్టి, సిమెంటు, ఇనుము

కట్ట ప్రధానంగా మట్టిది. మట్టికట్ట మంచి పనివాడు కట్టితే శతాబ్దాలు నిలుస్తుంది. మన పాత చెరువులే అందుకు నిదర్శనం. కానీ దానికి మూడు శత్రువులు ఉన్నాయి. మొదటిది పైనుంచి పొర్లే నీరు. రాతికట్ట మీద కొంతసేపు నీరు పొర్లినా ఓర్చుకొంటుంది. మట్టికట్ట మీద పొర్లితే వెనుక వాలు కోసుకొని, గంటలలో గండి పడుతుంది. అందువల్లనే పూండిలో మిగులు నీరు పోవడానికి 16 తలుపుల రెగ్యులేటరు ఏర్పాటు చేశారు. రెండవది లోపలి ఊట: ఎలుక బొరియ, కుళ్ళిన చెట్టువేరు వదిలిన సందు, వీటి వెంబడి నీరు నడిచి మట్టిరేణువులను ఈడ్చుకొనిపోతుంది. వెనుక వాలున కారే ఊట తేటగా ఉంటే పెద్ద భయం లేదు. బురదగా మారితే లోపల కట్ట కరుగుతున్నదని అర్థం. పూర్వపు నీరుకట్టుదార్లకు ఈ గుర్తు బాగా తెలుసు.

మూడవది ఎవరూ ఊహించనిది: నీరు మరీ త్వరగా తగ్గడం. చాలాకాలం నానిన కట్టలో మట్టి రంధ్రాలనిండా నీరు ఉంటుంది. ఎదుట నీరు ఉన్నంతకాలం అది లోపలి వాలును నెట్టి పట్టుకొంటుంది. చెరువు ఒక్కసారిగా దిగిపోతే ఆ ఆసరా పోతుంది, లోపలి తడి మాత్రం అంత వేగంగా బయటికి రాలేదు. బరువెక్కిన వాలు జారిపోతుంది.

ఇదే సూత్రం కాలువ సిమెంటు లైనింగును కూడా పగులగొడుతుంది. కాలువ నిండుగా పారుతున్నప్పుడు పలకలకు రెండు వైపులా ఒత్తిడి సమానం. వానకాలంలో చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చి ఉండగా కాలువలో నీరు ఆపివేస్తే, వెనుక నీరు పలకను ముందుకు తోస్తుంది. అందుకోసమే లైనింగులో ఊటరంధ్రాలు విడిచిపెడతారు. అవి మట్టితో పూడుకుపోతే లైనింగు ఉబ్బి విరుగుతుంది. నల్లరేగడి ఉన్నచోట మరొక బాధ: తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించి నెరలు విచ్చుతుంది. ఏటా కొన్ని నెలలు పారి, కొన్ని నెలలు ఎండే కాలువకు ఈ ఊపిరి తప్పదు. పన్నెండు నెలలూ పారే కాలువకంటే అప్పుడప్పుడు పారే కాలువే ముందుగా చెడుతుందంటే వినడానికి వింతగా ఉండవచ్చు.

కండలేరు కాలువకు తొలి సంవత్సరాలలో ఇటువంటి అవస్థే కలిగింది. గట్లు జారి, లైనింగు చెడి, వదిలిన నీటిలో చాలా భాగం దారిలోనే ఇంకిపోయింది. 2002లో శ్రీ సత్యసాయిబాబా దీనిని బాగు చేయిస్తామని ప్రకటించగా, ఆయన ట్రస్టు ఖర్చుతో గట్ల పటిష్ఠం, లైనింగు పనులు జరిగి 2004 నాటికి పూర్తయ్యాయి. కాలువకు సాయిగంగ అన్న పేరు అప్పటినుంచి వచ్చింది. ఆ తరువాత నీటి నష్టం గణనీయంగా తగ్గింది. అయినా ఒకసారి బాగుచేసి ఊరకుంటే చాలదు. పలక పగిలిన మొదటి ఏడు అరబస్తా సిమెంటుతో పోయేది మూడవ ఏడు గట్టునే అడుగుతుంది.

ఇక ఆవిరి. ఈ మైదానపు జలాశయాలు వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. నిండినప్పుడు కూడా పూండి లోతు 35 అడుగులే. వేసవి ఎండకు పోయే నీటిని ఆపడానికి సులభమైన ఉపాయం లేదు. 2017లో వైగై జలాశయంపై తమిళనాడు మంత్రి ఒకరు థర్మోకోల్ పలకలు పరిపించగా గాలికి అవి కాసేపటికే ఒడ్డుకు చేరిన వైనం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నమూనా ఏరు

పూండిలో చూడదగినది జలాశయం ఒక్కటే కాదు. 1944లోనే ఆరంభమైన జలపరిశోధనా కేంద్రం ఇక్కడ ఉన్నది. కట్టబోయే ఆనకట్టలకు, రేవులకు చిన్న నమూనాలు చేసి, వాటిమీద నీరు పారించి లోపాలు కనిపెట్టడం దాని పని. నమూనాను నూరో వంతుకు తగ్గించామనుకొందాం. అప్పుడు వేగం పదో వంతు అవుతుంది, కాలం కూడా పదో వంతు అవుతుంది. నిజమైన వరదలోని ఒక గంట నమూనాలో ఆరు నిమిషాలలో గడచిపోతుంది. ప్రవాహమైతే లక్షో వంతు. 30,000 క్యూసెక్కుల భీకర వరద అక్కడ సెకనుకు ఎనిమిదిన్నర లీటర్ల ధారగా, ఒక బక్కెట్టు పొంగినట్లుగా కనిపిస్తుంది.

అయితే ఇసుకరేణువును నూరో వంతు చేయడం సాధ్యం కాదు. చేస్తే అది ఇసుకగా కాక బంకమట్టిగా ప్రవర్తిస్తుంది. పూడిక ఎక్కడ చేరుతుందన్న ప్రశ్నకు నమూనా చెప్పే జవాబును అందుకే జాగ్రత్తగా పుచ్చుకోవాలి. పూడిక చేరిన మేరకు చెరువు తగ్గిపోతుంది. కాగితం మీద 3,231 అని ఉన్నా, అడుగున చేరిన ఒండ్రు ఆ అంకెను ఏటేటా కొంచెం కొంచెం తింటూనే ఉంటుంది.

మనుషుల సర్దుబాటు

ఈ లోయ మనుషులకు మార్పు కొత్త కాదు. పూండికి సమీపాన ఉన్న అత్తిరంబాక్కంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో రాతిపనిముట్లు కనుగొన్నారు. అక్కడి చేగొడ్డళ్ళు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో తేలింది. పూండిలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఈ ప్రాంతపు రాతియుగ పరికరాలు చూడవచ్చు.

ఇటీవలి కాలానికి వస్తే, కరవు సంవత్సరాలలో పూండి, తామరైపాక్కం పరిసర రైతులు తమ వ్యవసాయ బావుల నీటిని చెన్నై జలమండలికి అమ్మారు. వరి వేసి నష్టపోవడం కంటే మోటారు తిప్పి డబ్బు పుచ్చుకోవడం మేలనిపించింది. దీనిని తప్పుపట్టడం తేలిక. కానీ బావి ఉన్న రైతుకు వచ్చిన డబ్బు పక్క చేనిలో పనిచేసే కూలీకి రాదు. నాట్లు లేని ఊరిలో ఆమెకు పని లేదు. ఊట దిగిపోయిన తరువాత లోతు తక్కువ బావి ఉన్నవాడికి తాగునీరూ కష్టమే. సముద్రానికి దగ్గరగా ఉన్న మీంజూరు వైపు అతిగా తోడినందువల్ల భూగర్భంలోకి ఉప్పునీరు చొరబడింది. అది ఒకసారి వస్తే వెళ్ళడానికి చాలా కాలం పడుతుంది.

నగరం తన వంతు మార్పులు చేసుకొన్నది. 2003లో ఇంటింటా వాననీటి సేకరణ తప్పనిసరి అయింది. 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు వచ్చాయి. అయినప్పటికీ 2019 జూన్ నాటికి పూండి సహా నాలుగు పెద్ద జలాశయాలు దాదాపు ఎండిపోగా, జూలైలో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీరు తెప్పించవలసి వచ్చింది. సెప్టెంబరు చివరలో కండలేరు నీరు పూండికి చేరింది.

దానికి నాలుగేళ్ళ ముందు దీనికి సరిగ్గా విరుద్ధం. 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదలగా, కుంభవృష్టితో అప్పటికే పొంగిన అడయారు ఒడ్డున ప్రజలు నిద్రలో మునిగారు. వదిలిన తీరును 2018లో వెలుగుచూసిన కాగ్ నివేదిక తీవ్రంగా విమర్శించింది. ఆ చెరువు వేరు, ఆ నది వేరు. కానీ పాఠం పూండికీ వర్తించింది. ఆ తరువాతి వర్షకాలాలలో నిండే దాకా ఆగక, కొంత చోటు ఉంచి ముందుగానే నీరు విడుదల చేయడం మామూలైంది. 2021లోను, 2023లోను పూండి తలుపులు ఎత్తినప్పుడు కుశస్థలి ఒడ్డున ఉన్న పల్లెలకు, ఎన్నూరు, మణలి వైపు పల్లపు ప్రాంతాలకు హెచ్చరికలు జారీ అయ్యాయి.

హెచ్చరిక వింటే ఏమి చేయాలన్నది మాత్రం ఇంకా ఊరూరికీ తేడాగానే ఉన్నది. ఏరు దాటే లోతట్టు కాజ్‌వేల వద్దే ప్రాణాపాయం ఎక్కువ. మోకాలు లోతు నీరు కదా అని బండి దింపేవారికి, ఆ లోతులోనే వేగం మనిషిని పడగొట్టగలదని తెలియదు. పశువులను ఏటి ఇసుకలో కట్టివేసే అలవాటు, పైరుకు మోటారు ఏటిగట్టున పెట్టే అలవాటు, రెండూ పొడి సంవత్సరాల నుంచి వచ్చినవి. పై ఊరిలో వాన లేకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, కృష్ణాపురం వైపు కురిసిన వాన మరునాడు ఇక్కడ ఏరై వస్తుంది. పళ్ళిపట్టు, తిరుత్తణి వైపు తెలుగు పల్లెలలో ఎగువ ఊరి బంధువులు ఫోను చేసి చెప్పడం కూడా ఒక హెచ్చరికే. అధికార ప్రకటనకంటే అది ముందుగా అందే సందర్భాలూ లేకపోలేదు.

కృష్ణా కాలువ దారిలో ఊత్తుకోట ప్రాంతంలోనే కణ్ణన్‌కోట్టై, తేర్వాయ్ కండిగై గ్రామాల వద్ద మరొక జలాశయాన్ని 2020 నవంబరులో ప్రారంభించారు. సామర్థ్యం 500 మిలియన్ ఘనపుటడుగులు. పై లెక్క ప్రకారం వెయ్యి క్యూసెక్కులతో అది ఆరు రోజులలోపే నిండుతుంది. నైరుతి నీరు వచ్చినప్పుడు కొంతైనా అక్కడ నిలిపితే, అక్టోబరులో పూండిలో ఆ మేరకు చోటు మిగులుతుంది.